పదివేలా, అయిదువేలా

మా స్కూలు వ్యాన్‌కి ఇంజన్ ముందు సీట్ల కింద ఉంటుంది. కారుకు లాగా బానెట్ ఎత్తి చూడటానికి వీల్లేదు. కాళ్ళ దగ్గరి మ్యాట్ తీసి, సీటు పట్టుకున్న క్లిప్పులు వదులు చేసి, సీటు మొత్తం వెనక్కి మడిస్తే గాని కనబడదు. అందుకని ఆ బండి నడిపేవాళ్ళు ఇంజన్‌ని చూసేది తక్కువ, దాని మీద కూర్చునేది ఎక్కువ. నాంపల్లి స్టేషన్ రోడ్డులో ట్రాఫిక్ ఆగిపోయినప్పుడు ఆ వేడి సీటులోంచి పైకి తన్నుకొచ్చి తొడలకు తగులుతుంది. ఆ వేడి మీద కూర్చునే నేను నాంపల్లి గల్లీల పిల్లల్ని అబిడ్స్‌లోని బడికి తీసుకెళ్ళి తీసుకొస్తుంటాను.

అంతకు ముందు ఆ సీటు మా ఆయనది. చాలా ఏళ్ళు ఆయనే నడిపారు. ఒక ఆదివారం పొద్దున ఇంటి ముందు బండి కడుగుతూ, నీళ్ళ పైపు చేతిలో ఉండగానే కింద పడిపోయారు. కాళ్ళూ చేతులూ కొట్టుకున్నాయి. నోట్లోంచి నురగ వచ్చింది. పైపులోంచి నీళ్ళు ఆయన మొహం మీద పడుతూనే ఉన్నాయి, నాకు కుళాయి కట్టెయ్యాలని కూడా తోచలేదు. దవాఖానలో పరీక్షలన్నీ చేసి ఫిట్స్ అన్నారు. మందులు మానకూడదు, నిద్ర చెడకూడదు, కోపతాపాలు పెట్టుకోకూడదు అని చెప్పి, చివరికి డాక్టరు కలం కింద పెట్టి ఆయన కళ్ళలోకి చూస్తూ, "బండి మాత్రం తోలొద్దు. మళ్ళీ ఎప్పుడు తోలొచ్చో నేనే చెప్తా" అన్నారు.

ఆయన తలూపారు. ఇంటికొచ్చే దారంతా ఒక్క మాట మాట్లాడలేదు.

నాకు కారు లైసెన్స్ ఉంది. బడి వ్యాన్ నడపడానికి కావలసిన కాగితాలు తెచ్చుకున్నాను. తల్లిదండ్రులు ఎక్కువమంది నన్ను ఎరిగినవాళ్ళే కాబట్టి ఒప్పుకున్నారు. అలా స్టీరింగ్ నా చేతికి వచ్చింది గాని బండి మాత్రం ఆయనదే. గ్యాస్ ఎప్పుడు కొట్టించాలి, టైర్లలో గాలి ఎంత ఉండాలి, బ్రేకులు ఎప్పుడు చూపించాలి, అన్నీ ఆయనే చెప్పేవారు. సాయంత్రం నేను బండి పెట్టి లోపలికి రాగానే ఆయన బయటికి వెళ్ళి దాని చుట్టూ ఒకసారి తిరిగి వచ్చేవారు. నేను దానికేమీ అనుకోలేదు. మనిషి చేతిలోంచి పని జారిపోయింది, పెత్తనమైనా మిగలనీ అనుకున్నాను.

తగాదా వచ్చింది ఇంజన్ ఆయిల్ దగ్గర.

సాయంత్రం బడి గంట కొట్టేదాకా వ్యాన్‌ల వాళ్ళమంతా గేటు ముందు గోడ నీడలో నిలబడతాం. అక్కడ మాట్లాడుకునేది బండ్ల గురించే. ఒకరు మూడువేల కిలోమీటర్లకే ఆయిల్ మార్చేస్తామంటారు, ఒకరు అయిదువేలంటారు. ఇంకొకాయన మార్చడమే దండగ, తగ్గినంత పోస్తే చాలంటాడు. మా ఇంట్లో లెక్క పదివేలు. బండి కొన్నప్పుడు కంపెనీ వాళ్ళు చెప్పిన మాట అది. నేను వింటూ ఊరుకునేదాన్ని గాని, ఒక సందేహం మాత్రం పట్టుకుంది. మా ఇంటి నుంచి బడి ఎంతో దూరం లేదు. ఖాళీ రోడ్డయితే ఇట్టే చేరిపోవచ్చు. అసెంబ్లీ నడిచే రోజుల్లో, ఎగ్జిబిషన్ జరిగే నెలల్లో ఆ కాస్త దూరానికే అరగంట దాటుతుంది. ఆ అరగంటా ఇంజన్ తిరుగుతూనే ఉంటుంది, మీటరు మాత్రం కదలదు. మరి మీటరు చూసి ఆయిల్ మారిస్తే ఎలా?

ఒక రాత్రి అన్నాలు తింటుంటే ఆ మాట అన్నాను.

ఆయన కంచంలోంచి తలెత్తలేదు. "ఎవడు జెప్పిండు నీకు?"

"ఎవరూ చెప్పలేదండీ. నాకే అనిపించింది. గేటు దగ్గర కూడా చాలామంది అయిదువేలే అంటున్నారు."

"ఇంజన్ తయారు జేసినోనికి తెల్వదా, గేటు కాడ బఠానీలు నమిలేటోళ్ళకు తెలుస్తదా? పదివేలు అన్నడు కంపెనోడు. పదేండ్లు గట్లనే తోలిన. ఒక్కదినం రోడ్డు మీద ఆగలే నా బండి."

"అప్పుడు బండి కొత్తది..."

"మన బండి గ్యాస్ మీద నడుస్తది. పోయినసారి మార్చినప్పుడు నువ్వే చూసినవ్ గద, తేనె లెక్క ఉండె ఆయిల్. మంచిగున్న దాన్ని పారబోస్తవా?"

అది నిజమే. గ్యాస్ బండిలో ఆయిల్ తొందరగా నల్లబడదు. రంగు చూస్తే ఇంకా బాగానే ఉందనిపిస్తుంది. ఆయన మెడ మీద నరం ఉబ్బటం చూశాను. పిడికిలి బిగుసుకోవటం చూశాను. డాక్టరు చెప్పిన కోపతాపాల మాట గుర్తొచ్చింది. ఆయన కింద పడి కొట్టుకోవటం ఒక్కసారి చూసినవాళ్ళు ఆ తర్వాత గొంతు పెంచి మాట్లాడలేరు. నేను మజ్జిగ గిన్నె ఆయన వైపు జరిపి ఊరుకున్నాను. మా ఇంట్లో ఆ రోజుల్లో ప్రతి తగాదా అలాగే ముగిసేది, నేను నోరు మూసుకోవటంతో.

వర్షాలు తగ్గుముఖం పట్టాక ఒక పొద్దున అబిడ్స్ చౌరస్తాలో మలుపు తిరుగుతుంటే డాష్‌బోర్డు మీద ఎర్రగా ఏదో మెరిసింది. కళ్ళు అటు తిప్పేలోపు పోయింది. ఎండ పడి మెరిసిందేమో అనుకున్నాను. మర్నాడు పోస్టాఫీసు దగ్గర అడ్డంగా ఒక ఆటో వస్తే గట్టిగా బ్రేక్ వేశాను. మళ్ళీ మెరిసింది. ఈసారి చూశాను. నూనె డబ్బా బొమ్మ, దాని మూతి నుంచి ఒక చుక్క. ఇంజన్ ఆయిల్ గుర్తు అది.

వెనక పిల్లలు ఏదో పాట పాడుకుంటున్నారు. నాకు ఆ పాట వినబడలేదు. బడి గేటు దాకా ఆ గుర్తునే చూస్తూ నడిపాను, రోడ్డు కంటే ఎక్కువగా. అది మళ్ళీ వెలగలేదు.

ఇంటికి వెళ్ళగానే చెప్పాను. ఆయన పేపరు మడిచి, "ఎంతసేపు ఎలిగింది?" అన్నారు.

"రెప్పపాటు."

"అయితే సెన్సర్ వైరు లూజ్ అయ్యుంటది. ఆయిల్ నిజంగ లేకుంటే ఎలిగి ఆరిపోదు, ఎలుగుతనే ఉంటది."

"ఒకసారి చూపిద్దామండీ."

దానికి మాత్రం ఆయన అడ్డు చెప్పలేదు. ఆదివారం గౌలిగూడ వెళ్ళాం. అక్కడి మెకానిక్ మా ఆయనకు చాలాకాలంగా తెలుసు. ఆయన్ని అన్నా అంటాడు, నన్ను వదినమ్మా అంటాడు. బండి స్టార్ట్ చేయించి, లైటు ఆరిపోవటం చూసి, అట్ట పరుచుకుని బండి కిందికి దూరి ఏదో కదిలించాడు. పైకి లేచి చేతులు తుడుచుకుంటూ, "వైరు పాతగైంది వదినమ్మా. జర టైట్ జేసిన. ఫికర్ జేయకు" అన్నాడు.

"సీటు ఎత్తి ఆయిల్ ఎంతుందో చూడవా?"

అతను అద్దం మీద అంటించిన చీటీ వైపు చూశాడు. క్రితం సారి ఆయిల్ మార్చినప్పుడు, మళ్ళీ ఎన్ని కిలోమీటర్లకు మార్చాలో అతనే రాసి అంటించిన చీటీ. "ఇంక సగం గూడ కాలే గదమ్మా. అప్పుడే ఏం జూస్తం?"

మా ఆయన నా వైపు చూసి, చెప్పానా అన్నట్టు కనుబొమలు ఎగరేశారు. అక్కడున్న ఇద్దరు ముగ్గురు నవ్వారు. నేను వెళ్ళి బండిలో కూర్చున్నాను. సీటు కింద ఇంజన్ ఉంది, చెయ్యి పెట్టేంత దగ్గరగా ఉంది. క్లిప్పులు తీసి చూడటం నాకూ వచ్చు. అయితే వాళ్ళిద్దరి ముందు సీటు ఎత్తితే ఆ పనికి ఎన్ని అర్థాలు వస్తాయో ఆలోచించి ఎత్తలేదు.

తర్వాత కొన్ని రోజులు లైటు వెలగలేదు. ఆయనకు మంచి హుషారు వచ్చింది. సాయంత్రం నేను బండి దిగగానే, "ఎలిగిందా నీ దీపం?" అని అడిగేవారు. లేదంటే నవ్వేవారు. నాకు నవ్వు రాలేదు. బండి నడుపుతున్నంతసేపూ నా సగం మనసు ఆ గుర్తు మీదే ఉండేది. మలుపు వస్తే ఊపిరి బిగబట్టేదాన్ని. మెల్లగా తిప్పేదాన్ని, మెల్లగా ఆపేదాన్ని. దాన్ని రెచ్చగొట్టకూడదన్నట్టు నడిపేదాన్ని. ఇంట్లో ఆయనతో మసులుకుంటున్నట్టే బండితోనూ మసులుకుంటున్నానని ఒకరోజు తోచింది.

పిల్లల పరీక్షలు మొదలైన రోజున అసెంబ్లీ కూడా నడుస్తోంది. పొద్దుటి నుంచే అటువైపు రోడ్లు సగం మూసేశారు. మామూలుగా అటు పోయే బండ్లన్నీ స్టేషన్ రోడ్డు మీదికి వచ్చి పడ్డాయి. బస్సులు, ఆటోలు, స్టేషన్ నుంచి సామాన్లతో బయటపడ్డ క్యాబ్‌లు. మెట్రో పిల్లర్ల పక్కన మా వ్యాన్ ఇరుక్కుపోయింది. వెనక పిల్లలు పుస్తకాలు తెరిచి గట్టిగా చదువుకుంటున్నారు. ఒకడికి ఎక్కాలు, ఒకామెకు పద్యం, అందరి గొంతులూ కలిసిపోతున్నాయి.

ఇంచులు ఇంచులుగా కదులుతూ అబిడ్స్ వైపుకు వచ్చేశాం. అప్పుడు వెలిగింది లైటు.

ఆరిపోతుందని చూశాను. ఆరలేదు.

కొంచెం యాక్సిలరేటర్ నొక్కి చూశాను. వెలుతురు వణికింది గాని పోలేదు. కాలు తీస్తే మళ్ళీ నిలకడగా వెలిగింది. ముందు బస్సు, పక్కన ఆటో, వెనక హారన్లు. ట్రాఫిక్ ఆగి ఉంది కాబట్టి ఫోన్ తీసి ఆయనకు చేశాను.

"లైటు వెలిగింది. ఆరటం లేదు."

"ఎక్కడున్నవ్?"

చెప్పాను.

"అరే, ఇంక ఎంత దూరమున్నది? బడి గంట కొడితే వినబడ్తది ఆడికి. మెల్లగ పోనియ్యి. పిల్లల్ని దింపి, సైడుకు పెట్టి ఫోన్ జెయ్యి."

"ఇంజన్ పోతే?"

"సెన్సరే అని మెకానిక్ జెప్పిండు గద! పరీక్షలున్నయ్ పోరగాళ్ళకు. నడిరోడ్డు మీద ఆపుతవా? నా మాట ఇను. పోనియ్యి."

ఆయన గొంతు పెరుగుతోంది. ఇంట్లో ఒక్కరే ఉన్నారు. ఆ గొంతు అలా పెరిగి పెరిగి ఏమవుతుందోనని ఒక భయం, సీటు కింద ఏమవుతోందో తెలియని భయం ఇంకొకటి. ముందు బస్సు కదిలింది. మా ముందు ఒక బండి పట్టేంత ఖాళీ వచ్చింది. వెనక నుంచి హారన్లు ఒక్కసారిగా మోగాయి. గేరు వేసి పోనివ్వటం ఎంత తేలికో నాకిప్పటికీ గుర్తుంది. అందరూ చెబుతున్నది అదే. లైటు ఒక్కటే వద్దంటోంది.

తాళం తిప్పి ఇంజన్ ఆపేశాను.

పిల్లల చదువు ఒక్కసారిగా పెద్దగా వినబడింది, అంతవరకు ఇంజన్ శబ్దంలో ఎంత మునిగిపోయి ఉందో అప్పుడు తెలిసింది. ఫోన్‌లో ఆయనకు కూడా ఆ తేడా తెలిసింది.

"ఏమైంది? బంద్ జేసినవా?"

"చేశాను."

"ఎందుకు జేసినవ్?"

నేను జవాబు చెప్పేలోగా ఫోన్ కట్ అయింది. ఆయన కట్ చేశారో, ఇంకేమైనా అయిందో తెలియలేదు. తిరిగి చేశాను. మోగుతోంది, ఎత్తటం లేదు.

ట్రాఫిక్ పోలీసు బండ్ల మధ్య నుంచి దారి చేసుకుంటూ వచ్చి నా తలుపు మీద కొట్టాడు. "ఏందమ్మా, సీదా రోడ్డు నడుమ పెట్టినవ్? వీఐపీ బండ్లొస్తయ్ జెర్రసేపట్ల. తియ్యి, తియ్యి!"

"ఇంజన్ ఆయిల్ లైటు వచ్చిందండీ. నడపలేను. పక్కకు నెట్టించండి."

"నెట్టుడేంది? స్టార్ట్ జెయ్యి, పక్కకు తియ్యి."

"స్టార్ట్ చెయ్యను."

నా నోటి నుంచి ఆ మాట అంత గట్టిగా ఎలా వచ్చిందో తెలియదు. అతను నా వైపు ఒక క్షణం చూశాడు, వెనక పిల్లల్ని చూశాడు. ఏదో గొణుక్కుంటూ పక్క ఆటో అతన్నీ ఇంకో ఇద్దర్నీ పిలిచాడు. నేను స్టీరింగ్ పట్టుకున్నాను, వాళ్ళు నెట్టారు. బండి ఫుట్‌పాత్ అంచుకు వచ్చి ఆగింది.

ముందు సీటులో కూర్చున్న పిల్లల్ని వెనక్కి సర్ది, మ్యాట్ తీసి, క్లిప్పులు లాగి ఆ సీటు మడిచాను. వేడి గాలి మొహాన కొట్టింది. ఇంజన్ ఆగాక ఆయిల్ కిందికి దిగాలంటే కాస్త ఆగాలి. ఆగాను. ఆయిల్ మట్టం చూసే పుల్ల లాగి, చేతిగుడ్డతో తుడిచి, మళ్ళీ లోపలికంటా దూర్చి తీశాను. ఆ పుల్ల చివర రెండు గీతలుంటాయి. ఆయిల్ ఆ రెండింటి మధ్య ఉండాలి. కింది గీతకు కూడా ఏమీ అంటలేదు. కొసన మాత్రం కాస్త జిడ్డు మెరిసింది, అంతే.

నేను అనుకున్నది నిజమైనందుకు సంతోషించే తీరిక కూడా లేదు. అప్పటికే వెనక నుంచి ఒక బైక్ వచ్చి ఆగింది. మా వ్యాన్‌లో వచ్చే ఒక పాప వాళ్ళ నాన్న. ఆఫీసుకు పోతూ చూశాడు.

"ఏంది మేడమ్ ఇది? పరీక్ష రోజు రోడ్డు మీద పెట్టిన్రు పిల్లల్ని?"

"ఇంజన్‌లో ఆయిల్ అయిపోయింది. నడిపితే ఎక్కడ బిగుసుకుని పట్టేస్తుందో తెలియదు. అందరినీ నడిపించి తీసుకెళ్తాను, దగ్గరే కదా."

"ఆయిల్ గూడ చూసుకోకుంట బండి ఎట్ల తీస్తరు? సార్ నడిపినప్పుడు ఎన్నడన్న గిట్ల అయిందా?"

ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. అతను పాపను దింపుకుని బైక్ మీద కూర్చోబెట్టుకున్నాడు. "రేపటి నుంచి వేరే చూసుకుంటం" అని వెళ్ళిపోయాడు. ఆ పాప వెనక్కి తిరిగి మాకు చెయ్యి ఊపింది.

మిగిలిన వాళ్ళను ఫుట్‌పాత్ లోపలి వైపు జతలు జతలుగా నిలబెట్టాను. పోలీసు చెయ్యి అడ్డం పెట్టి బండ్లు ఆపి మమ్మల్ని దాటించాడు. ఇందాక కేకలు వేసిన మనిషే, చిన్నవాడొకడు చెప్పు జారి ఆగితే వంగి తొడిగించాడు. అబిడ్స్ దుకాణాలు ఇంకా తెరవలేదు. షట్టర్ల ముందు నుంచి పిల్లలు ఎక్కాలు చదువుకుంటూనే నడిచారు. నేను ప్రతి సందు దగ్గరా ఆగి, తలలు లెక్కపెట్టుకుని, మళ్ళీ కదిలాను. బడిలో గంట కొట్టేశారు. గేటు దగ్గర టీచరమ్మ వాచీ చూసుకుని లోపలికి పంపించింది. ఆఖరి పిల్లాడు వెళ్ళేదాకా నిలబడి, అప్పుడు మళ్ళీ ఆయనకు ఫోన్ చేశాను. ఎత్తలేదు.

అక్కడి నుంచి బండి దాకా దాదాపు పరుగెత్తాను. దూరం నుంచే కనబడింది, వ్యాన్ తలుపు తెరిచి ఉంది. ఫుట్‌బోర్డు మీద మా ఆయన కూర్చుని ఉన్నారు. తల మోకాళ్ళ మీదికి వంగిపోయి ఉంది. పక్కనే నిలబడి ఉన్న పోలీసు ఆయన్ని చూస్తున్నాడా, రోడ్డు చూస్తున్నాడా అర్థం కాలేదు. "ఏమండీ!" అని అరిచాను. దారిలో మనుషులు పక్కకు తప్పుకున్నారు.

ఆయన తలెత్తారు. చొక్కా చెమటతో ఒంటికి అంటుకుపోయి ఉంది. ఇంటి నుంచి ఆ ఎండలో నడిచే వచ్చినట్టున్నారు. కాళ్ళ దగ్గర కొత్త ఆయిల్ డబ్బా ఉంది. చేతిలో ఆయిల్ పుల్ల. దాన్నే చూస్తూ కూర్చున్నారు.

"చుక్క లేదు" అన్నారు.

"చూశాను."

"మూడు నెల్లు గాలే మార్చి. ఎక్కడ వోయింది?"

ఆయన లేచి డబ్బా మూత తిప్పారు. ఆయిల్ అంచు మీద ఒలికింది. నేను డబ్బా పట్టుకోబోతే ఇవ్వలేదు. కొంచెం పోసి, ఆగి, పుల్ల తీసి చూసి, మళ్ళీ పోశారు. పై గీత దగ్గరికి వచ్చాక మూత బిగించి, నా వైపు చెయ్యి చాచారు.

"తాళం ఇయ్యి."

ఫుట్‌పాత్ మీద ఇద్దరమే నిలబడి ఉన్నాం. పోలీసు రోడ్డు మధ్యకు వెళ్ళిపోయాడు.

"నేను స్టార్ట్ చేస్తానండీ."

"నేనేం తోల్తలే. ఊరికే స్టార్ట్ జేసి చూస్త. తాళమియ్యి."

ఊరికే స్టార్ట్ చేయటానికి డాక్టరు వద్దనలేదు. ఇస్తే ఏమవుతుంది, పది క్షణాలు. కానీ ఆ సీట్లో కూర్చున్నాక ఆయన కాలు క్లచ్ మీదికి వెళ్తుంది, చెయ్యి గేరు మీదికి వెళ్తుంది, ఈ రోడ్డు మీద బండి కదులుతుంది. నాకది స్పష్టంగా కనబడింది. ఆయనకూ కనబడిందనుకుంటాను. తాళం గుప్పిట్లో బిగించాను.

"ఇవ్వను" అన్నాను. "నేను స్టార్ట్ చేస్తాను. మీరు ఇంజన్ దగ్గర చెవి పెట్టి వినండి. ఏ శబ్దం ఎలా ఉండాలో మీకే తెలుసు, నాకు తెలియదు."

ఆయన నన్ను అలాగే చూశారు. మెడ మీద నరం లేచింది. నేను ఈసారి కళ్ళు దించుకోలేదు. ఆయన ముందుగా చూపు తిప్పుకుని, బండికి అటువైపు వెళ్ళి, తెరిచి ఉన్న ఇంజన్ మీదికి వంగారు.

తాళం తిప్పాను. ఎర్ర గుర్తు వెలిగింది. ఇంజన్ అందుకుంది. గుర్తు ఇంకా వెలుగుతూనే ఉంది. కింద నుంచి టకటకమని ఒక శబ్దం, ఇనుప గిన్నె మీద గరిటెతో కొట్టినట్టు. ఆయన చెయ్యి ఎత్తి, ఆగు అన్నట్టు పట్టుకున్నారు. నాకు ఆ చెయ్యి ఒక్కటే కనబడుతోంది. శబ్దం మెల్లగా సన్నబడింది. లైటు ఆరిపోయింది. ఆయన చెయ్యి దించలేదు, వింటూనే ఉన్నారు. చాలాసేపటి తర్వాత, "పట్టలే. బచాయించింది" అన్నారు. ఎవరు కాపాడారో, ఏది కాపాడిందో చెప్పలేదు.

గౌలిగూడ మెకానిక్ బండి చుట్టూ ఈసారి మాట్లాడకుండా తిరిగాడు. పరీక్షలయ్యి సెలవులు ఇచ్చాక ఇంజన్ విప్పిస్తే తెలిసింది. లోపలి రబ్బరు సీళ్ళు గట్టిపడి, పిస్టన్ రింగులు అరిగి, ఆయిల్ మెల్లమెల్లగా గ్యాస్‌తో పాటే కాలిపోతోంది. పొగ పెద్దగా రాలేదు, కింద చుక్క కారలేదు. మేము పదివేలా, అయిదువేలా అని వాదించుకుంటుంటే, మార్చాల్సిన ఆయిల్ మధ్యలోనే అయిపోతోంది. ఆయన తప్పూ నా ఒప్పూ కాదది. నేనడిగిన అయిదువేల లెక్కన నడిచినా ఆ రోజు అలాగే ఆగిపోయేవాళ్ళం, ఎందుకంటే అయిదువేలు కూడా కాలేదు. "సీటు లేపి చూసి ఉంటే అయిపోతుండె వదినమ్మా" అన్నాడు మెకానిక్, తన చేతుల వైపు చూసుకుంటూ. నేను అవునన్నాను.

ఆ దసరా సెలవుల్లోనే రింగులూ సీళ్ళూ మార్పించాం. ఆ పదిరోజులూ బండి ఇంటి ముందు లేదు. ఖాళీ జాగా చూస్తూ ఇద్దరం మెట్ల మీద కూర్చునేవాళ్ళం. ఒక సాయంత్రం ఆయనే అన్నారు.

"ఫోన్ నేనే కట్ జేసిన ఆదినం. మస్తు కోపమొచ్చింది. దుకాణానికి పోయే దారిల గూడ కోపమే. పుల్ల గుంజి చూసేదాంక."

"నాకు తెలుసు."

"పోనియ్యమంటి గద. పోయినవనుకో..." అని ఆగిపోయారు.

"పోలేదు కదా."

కొంచెంసేపు గల్లీలో పిల్లలు క్రికెట్ ఆడుతుంటే చూశాం. తర్వాత ఆయన, "మరి ఎన్నివేలకు మారుద్దామంటవ్?" అన్నారు. ఆ ప్రశ్న ఆయన నన్ను అడగటం అదే మొదలు.

నేను అప్పటికి ఆలోచించి పెట్టుకున్నాను. మన దారి చిన్నది, ఆగుడు ఎక్కువ. ఇంజన్ పూర్తిగా వేడెక్కకముందే ఇల్లు చేరతాం, లేదా ట్రాఫిక్‌లో ఉడికిపోతాం. రెండూ ఆయిల్‌కు మంచివి కావు. కాబట్టి అయిదువేలు. అయిదువేలు కాకముందే బడికి పెద్ద సెలవులు వస్తే సెలవుల్లోనే మార్చేద్దాం. ఎన్నివేలకు మార్చినా ప్రతి సోమవారం బండి తీయకముందు సీటు ఎత్తి చూద్దాం.

"ప్రతి సోమారమా? సీటు లేపుడంటే మాటలా?" అన్నారు.

"మాటలు కాదు. అందుకే ఇద్దరం లేపుదాం."

ఆయన ఔననలేదు, కాదనలేదు. సెలవులయ్యాక మొదటి సోమవారం నేను జడ వేసుకుని బయటికి వచ్చేసరికి మాత్రం క్లిప్పులు తీసి ఉన్నాయి.

బైక్ మీద తీసుకెళ్ళిన పాపను వాళ్ళ నాన్న మళ్ళీ మా బండికి పంపలేదు. ఇప్పుడు వేరే వ్యాన్‌లో వస్తుంది, గేటు దగ్గర నన్ను చూస్తే నవ్వుతుంది. డాక్టరు దగ్గరికి మళ్ళీ వెళ్ళాం. బండి తోలటానికి ఇంకా ఒప్పుకోలేదు. ఈసారి ఆయన ఇంటికొచ్చే దారిలో మౌనంగా లేరు. కోర్టుల దగ్గర జిరాక్స్ షాపులో మనిషి కావాలంటున్నారని, కూర్చుని చేసే పనేనని చెప్పారు. ఆ వారమే చేరారు.

సంక్రాంతి సెలవులకు బండిని గౌలిగూడ తీసుకెళ్ళాం. మెకానిక్ మీటరు చూసి నవ్వాడు.

"అన్నా, ఇంక ఎంతనో నడుస్తది గద ఇది. గిప్పుడే ఎందుకు పారబోస్తరు?"

ఒక క్షణం నాకు పాత బిగువు మళ్ళీ వచ్చింది. ఆయన ఏమంటారోనని చూశాను. ఆయన నా వైపు చూసి, ఏమీ అనకుండా, రోడ్డు దాటి టీ కొట్టు వైపు నడిచారు.

"మార్చెయ్యి" అన్నాను మెకానిక్‌తో. ఆయనకు వినబడేలా గట్టిగా, "నాక్కూడా ఒకటి చెప్పండి" అని కేకేశాను. ఆయన వెనక్కి తిరగకుండానే చెయ్యి ఎత్తి సరేనన్నారు.